ఆరువందల యాభై మాటల్లో నువ్వు

ప్రియమైన వాల్ట్‌కి,

ఇక్కడ మీ అమ్మ మోకాలు తప్ప మిగతా అందరం బాగానే ఉన్నాం. ఫోన్ పటంలో నీ ఓడ చుక్క కదులుతున్నంతసేపూ నువ్వూ బాగానే ఉన్నావని నమ్ముతున్నాం. డెట్రాయిట్ దగ్గర టపా పడవవాళ్ళు ఈ ఉత్తరం మీ ఓడమీంచి తాడుతో దించే బకెట్‌లో వేస్తారు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావని తెలుసు. ఫోన్లో అయితే సగంలో "జానిస్, సిగ్నల్ పోతోంది" అంటావు. ఉత్తరానికి ఆ సాకు కుదరదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. హీటరు బాగుచేయించాను. మంచు టైర్లు నేనే మార్చాను. జాకీ ఎక్కడ పెట్టావో వెతకడానికే సగం రోజు పోయింది. మీ అమ్మ మోకాలికి సూది వేశారు. కదలొద్దని డాక్టరు చెబితే, "మరి చర్చిలో శుక్రవారం చేపలు ఎవరు వేయిస్తారు, నువ్వా?" అని ఆయన్నే అడిగింది.

ఇక మన రెనీ కాలేజీ సీటు కోసం రాసే వ్యాసం. "ఇంకా అవలేదా? రెండు పేజీలేగా" అని రాశావు. ఆ ముక్క చదివి నీ ఉత్తరం ఉండచుట్టి పారేశాను, మళ్ళీ తెచ్చుకుని సాపు చేసుకున్నాను. అవును, రెండు పేజీలే. ఆరువందల యాభై మాటలు మించకూడదు. ఆగస్టు నుంచి ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేస్తున్నాయి. అందులో పిల్ల తనెవరో చెప్పుకోవాలట. నలభై ఆరేళ్ళొచ్చినా నేనెవరో నాకే తెలియదు, పదిహేడేళ్ళదానికి ఏం తెలుస్తుంది?

మొదట వాలీబాల్‌లో కాలు విరిగిన సంగతి రాసింది. ఇంగ్లిష్ మాస్టారు కుబియాక్ చూసి, "ఈ ఏడు నాకొచ్చిన విరిగిన కాళ్ళతో ఆసుపత్రి పెట్టొచ్చమ్మా" అన్నాడట. తర్వాత మీ అమ్మ పోలండ్ నుంచి వచ్చిన కథ రాసింది. "మీ నాయనమ్మకి సీటు ఖాయం. నీ సంగతేంటి?" అన్నాడు. ఆ వారమంతా మన ఇంట్లో ఏ తలుపూ మెల్లగా మూసుకోలేదు, అన్నీ దడేలుమని కొట్టుకున్నాయి. నేను సాయం చేయబోతే, "అమ్మా, నువ్వు చెప్పేవి గ్రీటింగ్ కార్డు మాటలు" అంది.

మూడోసారి నీ గురించి రాసింది. నీ ఓడ మన ఊరి ముందునుంచి పోతున్నప్పుడు మేం కారు ఒడ్డుకి తీసుకెళ్ళి లైట్లు వెలిగించి ఆర్పడం, చుక్కాని దగ్గర నువ్వుంటే హారన్ మోగించడం. చిన్నప్పుడు ఆ హారన్ నీ గొంతే అనుకునేదట. నాకు ఎప్పుడూ చెప్పలేదు. పోయిన అక్టోబరులో ఒక సాయంత్రం ఎంతసేపు లైట్లు ఆర్పి వెలిగించినా ఓడ చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. నీకు డ్యూటీ లేదు, పడుకున్నావు, నీ తప్పేం లేదు. అదీ రాసింది. చివర ఒక పేరాలో, చలికాలం నీళ్ళు గడ్డకట్టి ఓడని రేవులో కట్టేశాక నువ్వు నిచ్చెన దిగొచ్చి రెనీని గట్టిగా పట్టుకుంటావు.

కుబియాక్ ఆ చివరి పేరా మీద అడ్డగీత పెట్టాడు. "మిగతాదంతా చూసి రాశావు. ఇది అల్లావు" అన్నాడట. రెనీ వెంటనే కొట్టేసింది. నాకు ఒళ్ళు మండింది.

"మీ నాన్న ఇంటికి రాడా ఏంటి, అలా కొట్టేశావు?" అన్నాను.

"పోయినేడు వచ్చాడా? అంతకుముందేడు? కట్టేసిన ఓడకి కాపలా పని దొరికింది, జీతం బాగా ఇస్తారన్నాడు. ఈసారీ అదే అంటాడు చూడు. నాన్న నిచ్చెన దిగడం నేను చూస్తేగా రాయడానికి."

నీ ఉత్తరం చివర ఉన్నది ఆ కాపలా పని సంగతే. రెనీకి ఆ ముక్క చెప్పలేదు.

ఆ వ్యాసం స్కూల్లో దరఖాస్తులు చూసే మిసెస్ ఫారో దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఈ ఏడే చికాగో నుంచి వచ్చింది. ఈ ఊళ్ళో సగం మంది నాన్నలు నీళ్ళమీదే ఉంటారని ఆవిడకేం తెలుసు? హారన్ మోగలేదు, ఓడ వెళ్ళిపోయింది, వ్యాసం అయిపోయింది. ఆవిడకి అర్థమైందేదో అర్థమైంది. నాకు ఫోన్ చేసి, "మీవారి సంగతి ఇప్పుడే తెలిసిందండీ. ఒక్కరే ఎలా నెట్టుకొస్తున్నారో" అంది.

ఇది చెప్పలేకే ఇంతసేపూ టైర్లూ మోకాళ్ళూ అంటూ వచ్చాను. నువ్వు పోయావనుకుంటోందని నాకు వెంటనే తెలిసింది, వాల్ట్. "అయ్యో, ఆయన నిక్షేపంగా ఉన్నారండీ" అనాలి. నేను "థాంక్సండీ" అన్నాను. అని ఏడ్చాను. ఎలా నెట్టుకొస్తున్నావని ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. నువ్వు కూడా అడగలేదు. హీటరు ఎలా ఉందని అడుగుతావు.

మీ అమ్మకి చెబితే, "బతికున్నవాడు చచ్చాడంటే ఆయుష్షు పెరుగుతుందిలే. పెరిగి ఏం లాభం, అదీ ఆ ఓడమీదే తగలేస్తాడు" అంది. రెనీ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. వెళ్ళి వ్యాసం చివర రెండు ముక్కలు చేర్చింది: "మా నాన్న బతికే ఉన్నాడు. పనిలో ఉన్నాడు." కుబియాక్ ఈసారి గీత పెట్టలేదు. సోమవారం నేను మిసెస్ ఫారో దగ్గరికి వెళ్ళి, నా మొగుడు బతికున్నాడని సిగ్గుపడుతూ ఒప్పుకోవాలి.

దరఖాస్తు ఈ వారంలోనే పంపేస్తుంది. దానికోసం నువ్వు రానక్కర్లేదు. నువ్వు లేకపోబట్టే అది అంత బాగా వచ్చింది. కానీ వచ్చే ఆగస్టులో ఆ పిల్ల వెళ్ళిపోతుంది. మనకి మిగిలింది ఈ ఒక్క చలికాలమే. కాపలా పని ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పు. ఉన్నదాంతో సర్దుకుంటాం, సర్దుకోవడం మాకు కొత్తా? ఈసారి ఎవరైనా ఫోన్ చేసి ఎలా నెట్టుకొస్తున్నారని అడిగితే, "ఆయన ఇక్కడే ఉన్నారు, ఆయన్నే అడగండి" అని ఫోన్ నీ చేతికివ్వాలని ఉంది.

ఇట్లు,
బతికున్న మొగుడి పెళ్ళాం,
జానిస్