నాన్న బయొనెట్

కరకోల్

సగినాలీ,

క్షేమసమాచారాలు అడిగే ఓపిక లేదు. మా నాన్న యుద్ధం నుంచి తెచ్చిన జర్మన్ బయొనెట్ కోసం మ్యూజియంలో పనిచేసే గుల్జాన్, అక్కడ పెడతామని అడగడానికి నిన్న వచ్చింది. వసంతంలో నూనె పట్టిస్తానని పట్టుకెళ్లి నువ్వు తిరిగిచ్చాక, నేను దాన్ని ఒరలోంచి తీయనేలేదు. నీ చేతి నుంచి వచ్చిందిగా, చూసేదేముంది అనుకున్నాను.

నిన్న తీశాను. తుప్పు కత్తి మీద కొట్టిన అంకెల లోతుల్లోకి దిగింది. పిడి చెక్క స్క్రూల చుట్టూ నల్లబడింది. పాత ఆయుధాలకు నకిలీలు చేసేవాళ్లు తప్పులో కాలేసే చోట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ చోట్లు పట్టుకోవడం నేను నేర్పింది నీకొక్కడికే. కానీ నాన్నది ఎడమచేతి వాటం. ఏటా గొర్రెను కోసేముందు సాన పట్టీ పట్టీ అంచు ఒకపక్కే అరగదీశాడు. ఇది రెండుపక్కలా సమంగా ఉంది. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు.

"ఇది నాన్నది కాదమ్మా" అన్నాను.

"మరి అదేమైంది బాబాయ్?" అంది గుల్జాన్.

"తెలిసినవాడొకడున్నాడు, అడుగుతాను" అన్నాను. నిన్ను కాపాడ్డానికి కాదు. పదేళ్లు నాతో ఒకే పళ్లెంలో బెష్‌బర్మక్ తిన్నవాణ్ణి దొంగ అనడానికి నోరు రాలేదు.

ఎవరికిచ్చావో వాళ్ల కాళ్లు పట్టుకునైనా తీసుకురా. గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపో. లోపలికి రావద్దు.