కోల్డ్ స్టోరేజీకి బోర్డు

ఫిబ్రవరి 17
టేకు పలక వచ్చింది. మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజర్ శ్యామ్ సుందర్ గారు పంపారు. శ్రమ గొప్పదని వెనకటికి ఒక మహానుభావుడు అన్న మాట దానిమీద చెక్కాలి. ఆఫీసు ముందు పెడతారట. గేటు దాకా కనపడాలట. మా జయపాల్ అక్కడే హమాలీ. నువ్వు చెక్కు నాన్నా, నేను మోస్తా, గొప్పదేదో వాళ్లనే తేల్చమందాం అని నవ్వాడు.

ఫిబ్రవరి 20
అక్షరాల కాగితం మైదా జిగురుతో అంటించాను. తలకట్ల దగ్గర చెక్క పేడు లేస్తోంది. మెల్లగా పోవాలి.
లోపల పైదాకా పేర్చిన మిర్చి బస్తాల వరస, టిక్కీలంటారు, ఒరిగిందట. జయపాల్ చెబితే సీజనయ్యాక చూద్దాంలేరా అన్నాడట మేనేజరు. అన్నం తింటూ చెప్పాడు. నేను ఊ అన్నాను.

ఫిబ్రవరి 24
వరస కూలింది. జయపాల్ కింద ఉన్నాడు.

ఫిబ్రవరి 25, రాత్రి
పొద్దున శ్యామ్ సుందర్ గారు వచ్చారు. చల్లగా ఉందని మీవాడు టిక్కీల వెనక నిద్రపోయాడు జక్రయ్యా, అదే చెప్పండి, కోడలికి పని ఇస్తాం అన్నారు. నేను మాట్లాడలేదు. ఒప్పుకున్నాననుకుని వెళ్లారు. అందరూ అంతే అనుకుంటారు.
పేటలో ఎవరు పోయినా పెట్టె నేనే చేస్తాను. ఇవాళ ఆదివారం, కలప డిపో తెరవరు. అడుగుకీ పక్కలకీ చర్చిలో విరిగిన బెంచీలు సరిపోయాయి. మూతకి చాల్లేదు. చెక్కడం అయిన టేకు పలక తీశాను. అక్షరాలు లోపలికా మావయ్యా అంది కోడలు మహిమ. బయటికే అన్నాను.
సమాధుల దారి స్టోరేజీ గేటు ముందునుంచే. అక్కడ దించమన్నాను. శ్యామ్ సుందర్ గారు బయటికొచ్చి మూత వంక చూశారు. వరస ఒరిగిందని వాడు మీకు చెప్పాడండి, నిద్రపోలేదు అన్నాను. నా పక్కవాళ్లకే వినపడింది. చర్చి పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు పక్కనుండి విని, అదే మాట గట్టిగా అందరికీ చెప్పారు.

మార్చి 1
మహిమకి పని లేదన్నారు. మిరపకోతకి పోతోంది. నాతో మాట్లాడటం లేదు.
పలక దొంగతనం కింద కేసు పెట్టారట. కానిస్టేబులు వచ్చి బోర్డేది తాతా అన్నాడు. చెప్పాను. మంచినీళ్లు తాగి వెళ్లాడు.

మార్చి 6
సిలువ చెయ్యి మావయ్యా అంది మహిమ. ఏం మాట చెక్కమంటావమ్మా అన్నాను. పేరు చాలంది.
వేపచెక్క. పేరు చెక్కాను. చాలా చోటు మిగిలింది.