డెక్ మీది పికిలిపిట్ట

అత్తయ్యా,

మీ సంవత్సరీకం అయిన మర్నాడు మీ మనవరాలు సింధుని తీసుకుని ఇక్కడి పార్కులో బర్డ్ వాక్‌కి వెళ్లాను. రాబిన్‌ని చూపిస్తూ గైడ్ చెప్పింది, ఇది అసలు రాబిన్ కాదట. ఇంగ్లండ్ నుంచి అమెరికా వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు ఎర్రటి పొట్ట చూసి, తమ ఊరి పిట్ట గుర్తొచ్చి, దాని పేరే దీనికీ పెట్టేసుకున్నారట. అందరూ ముచ్చటపడ్డారు, నేనూ పడ్డాను.

"నానమ్మ కూడా సేమ్ చేసింది కదమ్మా? నువ్వెందుకు రాంగ్ అన్నావ్?" అంది సింధు.

హెర్న్‌డన్‌లో మన ఇంటి వెనక డెక్ మీద వాలిన కార్డినల్ పిట్టకి, తల మీది కుచ్చూ ఆ ఎరుపూ చూసి, మీరు మీ ఊరి పికిలిపిట్ట పేరు పెట్టారు. సింధు స్కూల్లో అలాగే చెప్పొచ్చిందని, "పిల్లకి తప్పులు నేర్పకండి అత్తయ్యా" అన్నాను. "సరేనమ్మా" అన్నారు. ఇండియా వెళ్లేదాకా రోజూ గింజలు చల్లారు గానీ, మళ్లీ ఏ పిట్టనీ పేరు పెట్టి పిలవలేదు.

ఇవాళ డెక్ మీదికి బూడిదరంగు పిట్ట ఒకటి వచ్చింది. "దీన్ని నానమ్మ ఏమనేది?" అని అడిగింది సింధు.

దాని ఇంగ్లీషు పేరు నాకు తెలుసు. మీ మనవరాలు అడిగింది అది కాదు.