వీధిగది, ఒక సున్నా

గణాంకాల శాఖలో ముప్పైమూడేళ్ళు పనిచేసి, ఫారాల్లో జనం చెప్పిన జవాబులకు అంకెలు వేసే కోడింగ్ విభాగం పర్యవేక్షకురాలిగా రిటైరైన నేను, నా డెబ్బై తొమ్మిదో ఏట, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న కడపటి వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరుగారి కాగితం జతచేశాను. ఇవాళ ఏ వారమని ఆయన అడిగాడు. చెప్పాను. ఆయన గోడమీది క్యాలెండరు పోయిన నెలలోనే ఆగిపోయిందని కూడా చెప్పాను. మరో ప్రశ్న అడక్కుండా సంతకం పెట్టేశాడు.

ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదైనా బీరువాలో దొరికితే అది చెల్లదు. అందులో వీధిగది నా కొడుకుకు రాశాను. అప్పటికి నాకు బుద్ధి స్థిరంగానే ఉంది, ధైర్యమే చాల్లేదు.

1. ఆస్తి వివరం. ఈ ఇల్లు నా స్వార్జితం. కాలం చేసిన మా ఆయన దీనికి పెట్టిన పెట్టుబడి సలహాలు. పైన మూడు గదులు, వరండా. కింద వంటిల్లు, వెనక రెండు గదులు, వీధివైపు ఒక గది. ఆ వీధిగదికి రెండు తలుపులు. ఒకటి ఇంట్లోకి, ఒకటి వీధిలోకి. ఈ కాగితం రాయడానికి అసలు కారణం ఆ రెండో తలుపు.

2. పై అంతస్తు, కింద వంటిల్లు, వెనక రెండు గదులు నా ఏకైక కుమారుడికి దానవిక్రయాది సర్వహక్కులతో చెందవలసినది. వాడు మంచివాడే. చిన్నప్పుడు నేను చెప్పింది అక్షరం పొల్లుపోకుండా వినేవాడు. ఇప్పుడు నా బాధంతా అదే. వీధిగది మాత్రం వాడికి లేదు. ఎందుకో ఆరో క్లాజులో ఉంది. ఒరేయ్, ముందే అటు తిప్పకు, వరసగా చదువు.

3. వరండాలోని పేము కుర్చీ నా కోడలికి. ఈ ఇంటికి వచ్చిన పాతికేళ్ళలో ఆ పిల్ల అందులో కూర్చోవడం నేను చూడలేదు. ఎప్పుడూ నేనే కూర్చుని ఉండేదాన్ని మరి. అమ్మాయ్, ఇక లేస్తున్నాను, కూర్చో. ఎవరు పిలిచినా వెంటనే లేవకు.

4. నా చదువుగదిలో అద్దం కట్టించి పెట్టుకున్న గ్రాఫు కూడా నా కొడుకుకే. ఒక్కో దేశం ఒక్కో చుక్క. అడ్డంగా తలసరి ఆదాయం, నిలువుగా భక్తి. పేద దేశాలన్నీ ఎడంపక్క పైన గుంపుగా ఉంటాయి, కలిగిన దేశాలు కుడిపక్క కిందికి జారిపోతాయి. వాడికి పద్నాలుగేళ్ళప్పుడు వాణ్ణి ఆ గోడ ముందు నిలబెట్టి, “చూశావా, ఎక్కడ దణ్ణాలెక్కువో అక్కడే దరిద్రం,” అని చెప్పింది నేనే. ఇప్పుడు వాడు ఆ మాటే తిప్పి నాకు చెబుతున్నాడు. “ఈ దేశాన్ని ముంచింది భక్తేనమ్మా. అత్తయ్యని పైకి తీసుకొచ్చేసి ఆ గది కొరియర్ ఆఫీసుకిచ్చేద్దాం. వారం వారం ఆ ప్రార్థనల మూలుగుడు ఇంకెన్నాళ్ళు?” అంటాడు. అత్తయ్యంటే ఆ వీధిగదిలో ఉండే మా వదిన.

నాయనా, చుక్కలు నిజమే. వాటి పక్కన నిలబడి నేను చెప్పిందే అబద్ధం. మీ అత్తయ్య కుట్టుపని చేస్తుంది కాబట్టి ఆవిడ భాషలోనే చెప్తాను. చిరుగున్న చోటే అతుకు కనిపిస్తుంది. అతుకు వేయబట్టే గుడ్డ చిరిగిందనేవాడు బట్ట తొడుక్కున్నవాడే గాని కుట్టినవాడు కాడు. జబ్బు చేస్తే చూసే దిక్కు, పని పోతే ఆదుకునే దిక్కు, ముసలితనంలో కనిపెట్టుకునే దిక్కు లేని చోట మనిషి దేవుణ్ణి గట్టిగా పట్టుకుంటాడు. ఆ పట్టుకున్న చేత్తోనే పక్కవాళ్ళనీ పట్టుకుంటాడు. ఆ రెండోది నా గ్రాఫులో లేదు. దానికి గడి పెట్టడం నాకు తట్టలేదు.

5. కారులో వచ్చి, దారిద్ర్యం దేవుడి పరీక్ష అని మైకులో చెప్పి, కారులోనే వెళ్ళిపోయే ప్రవచనాలాయనకు నా ఆస్తిలో ఏమీ లేదు. ఆయన్నీ మా వదిననీ ఒకే గాటన కట్టి మాట్లాడినందుకు నా కొడుకును క్షమించాను, వాడికంటే ముందు నేనే కట్టాను కాబట్టి.

6. వీధిగది.

మా వదిన అంటే మా ఆయన అక్క. వయసు ఎనభై మూడు. భర్త పోయాక ఒక కుట్టుమిషనూ ఒక పెట్టే పట్టుకుని ఈ ఇంటికొచ్చి నలభయ్యేళ్ళయింది. నేను జీతం తెచ్చేదాన్ని, ఆవిడ దేవుణ్ణి తెచ్చింది. చాలాకాలం మాకు పడలేదు. “మరదలా, నీ దేవుడు రూళ్ళకర్ర,” అనేది. “మీ దేవుడికి వినపడదు, అందుకే మీరంత గట్టిగా పాడతారు,” అనేదాన్ని. ఆవిడ గొంతుకు శ్రుతి లేదు. ఇది వైరం కాదు, అందరికీ తెలిసిన నిజం.

ముప్పైనాలుగేళ్ళ కిందట మా శాఖ ఇంటింటికీ తిరిగి ఒక సర్వే చేసింది. అందులో ఒక ప్రశ్న: “రోజుకు ఎన్నిసార్లు దేవుణ్ణి తలుచుకుంటారు?” ఊరవతల ఇటుకబట్టీల వాడ నుంచి వచ్చిన ఫారాల్లో దాదాపు అన్నిట్లోనూ ఒకటే జవాబు: “లెక్కలేదు.” కోడింగ్ విభాగంలో గుమాస్తాలు నా దగ్గరికొచ్చి ఏం వేయమంటారని అడిగారు. మా ఆఫీసులో లెక్క లేదంటే అంకె లేదని. సున్నా వేయమన్నాను. పట్టిక పద్నాలుగులో అన్నిటికంటే పేద వాడలో భక్తి సున్నా అని తేలింది. ప్రపంచమంతా ఒక దారీ మన బట్టీల వాడ ఒక దారీ అయిందేమని నాకు అనుమానం రాలేదు సరికదా, నిరుపేదకు దేవుడు కూడా మిగలడని మూడు పేజీల వ్యాఖ్యానం రాశాను. బాగా రాశాను కూడా. పై అధికారులు మెచ్చుకున్నారు.

అచ్చయిన నివేదిక ఇంటికి తెచ్చి వదిన ముందు చదివాను, ఏడిపిద్దామనే. ఆవిడ చొక్కా చేతికి కాజా కుడుతోంది. తలెత్తకుండా, “ఆకాశంలో చుక్కలకి లెక్కలేదంటాం కదా మరదలా. అంటే చుక్కలు లేవనా?” అంది. దారం కొరికి తెంపి ఇంకో కాజా మొదలెట్టింది.

మర్నాడు సెలవు పెట్టి బట్టీల వాడకు వెళ్ళాను. అక్కడొక రేకుల షెడ్డు ఉండేది. పని దిగాక ఆడవాళ్ళందరూ అందులో చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళు. ఒకావిణ్ణి అదే ప్రశ్న అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి, “లెక్కేం పెడతామమ్మా? ఇటుక ఎత్తినప్పుడోసారి, దించినప్పుడోసారి. రోజుకెన్ని ఇటుకలెత్తుతానో నువ్వే చెప్పు,” అంది. తర్వాత అందరూ కూర్చున్నారు. ఒకరి బిడ్డకు జ్వరమని చెప్పి ప్రార్థించారు. లేవగానే ఇద్దరు ఆ ఇంటికి వెళ్ళారు, ఒకరు వంటకి, ఒకరు బిడ్డని చూడటానికి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన ఎక్కడ అయిపోయిందో సాయం ఎక్కడ మొదలైందో నేను గీత గీయలేకపోయాను. గీతలు గీయడం నా వృత్తి.

ఒక్క సవరణ చీటీ రాస్తే సరిపోయేది. ఆ వారమే నాకు పదోన్నతి కాగితం వచ్చింది. రాయలేదు.

మూడు నెలలకు పట్టణ కార్యాలయంవాళ్ళు ఆ షెడ్డు గోనెసంచుల గోదాముకు ఇచ్చేశారు. “సదరు వాడలో ప్రార్థించు అలవాటు లేనట్లు పట్టిక 14 వలన తెలియుచున్నందున” అని ఉత్తర్వులో ఉంది. వదిన దగ్గర బట్టలు కుట్టించుకునే వాడ ఆడవాళ్ళు ఆ కాగితం తెచ్చి ఆవిడతోనే చదివించుకున్నారు. నేను పక్కగదిలో ఉన్నాను. పట్టిక పద్నాలుగు అన్న మాట ఆవిడ రెండుసార్లు చదివింది. తర్వాత మామూలుగా చదివేసింది. ఆ పట్టిక ఎవరిదో వాళ్ళకి చెప్పలేదు. ఆ బుధవారం సాయంత్రం మాత్రం నా దగ్గరికొచ్చి, “మరదలా, ఇవాళ్టి నుంచి వీధిగదిలో కాస్త మనుషులుంటారు. నీ కాగితాలు పైన పెట్టుకో,” అంది. మిషను మీద గుడ్డ కప్పి, చాపలు పరిచి, వీధి తలుపు తీసింది.

ఆ తలుపు ముప్పైనాలుగేళ్ళుగా ప్రతి బుధవారం తెరుచుకుంటోంది. ఆ గదిలో ప్రార్థనకని వచ్చినవాళ్ళు వదిన దగ్గర కుట్టు నేర్చుకున్నారు, అక్షరాలు నేర్చుకున్నారు. బట్టీ మూతపడిన ఏడాది ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ గదిలోనే తెలిసేది, ఆ పూటే వెలిగేది. వాడకు కుళాయి కావాలని నేను సరైన నమూనాలో ఏడు అర్జీలు పెట్టాను. వదిన నలభైమంది ఆడవాళ్ళతో వెళ్ళి నీళ్ళ ఆఫీసు మెట్లమీద కూర్చుని పాటలు పాడింది. రెండో రోజు మధ్యాహ్నానికి అధికారి సంతకం పెట్టాడు. “ఆ పెద్దావిడ పాడటం ఆపేస్తే ఇంకో కుళాయి కూడా ఇస్తా,” అన్నాడట. రెండు కుళాయిలొచ్చాయి. భక్తి మనుషుల్ని చేతులు ముడుచుకు కూర్చోబెడుతుందని రాసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. వాళ్ళు చేతులు జోడించడం చూశాను గాని ముడుచుకోవడం చూడలేదు.

వాళ్ళకి కావలసినవన్నీ దేవుడి నుంచి వచ్చాయని నేననను. చాలావరకు సర్కారు ఇవ్వాల్సినవి, ఇవ్వలేదు. ఇవ్వనిచోట వాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. దానికి దేవుడి పేరు పెట్టుకున్నారు. ఇంతకంటే మంచి పేరు నా దగ్గర లేదు.

ఈ మూడు దశాబ్దాల్లో వదిన నన్ను చాలావాటికి ఎత్తిపొడిచింది. పట్టిక పద్నాలుగు గురించి ఒక్కసారి కూడా అనలేదు. మర్చిపోయిందేమో అనుకుని ఓసారి నేనే కదిపాను. “ఆ షెడ్డు రేకులు కారేవిలే. మనిల్లు నయం,” అంది. నేను ఎన్నో పుస్తకాలు చదివాను. అంత పెద్ద మాట ఎక్కడా చదవలేదు.

కాబట్టి, వీధిగదిని రెండు తలుపులతో సహా నా వదినగారు తన జీవితకాలం ఎవరి ఆటంకమూ లేకుండా అనుభవించవలసినది. ఆవిణ్ణి పైకి మార్చడానికి ఎవరికీ, ప్రేమతోనైనా సరే, హక్కు లేదు. కుట్టుమిషను ఆవిడది, నా ఆస్తి కాదు. ఆమె తదనంతరం ఆ గది బుధవారంవాళ్ళకు చెందుతుంది, నా మనవరాలు ధర్మకర్తగా ఉంటుంది. వరసగా ఏడాదిపాటు ఒక్క మనిషి కూడా రాకపోతే, అంటే వాడలో వైద్యమూ పనీ పింఛనూ అన్నీ అమరి ఎవరికీ ఆ గది అక్కర్లేకపోతే, నా కొడుకు గెలిచినట్టే. అప్పుడు వాడు గది తీసుకోవచ్చు. వాడు గెలవాలనే నా కోరిక కూడా. కాని కడుపు నిండినవాళ్ళు కూడా ఒకరి కోసం ఒకరు కూర్చోవడానికి ఆ తలుపు తడతారేమోనని ఈ వయసులో నాకొక అనుమానం పట్టుకుంది.

7. ఈ వీలునామా అమలుకర్త నా మనవరాలు. ఆ నివేదిక తాలూకు నా సొంత ప్రతి, నా కళ్ళజోడు దానికి. నూట పన్నెండో పేజీలో సవరణ చీటీ అంటించాను: “పట్టిక 14, చివరి వరస. సున్నా తప్పు. తప్పు నాది.” బంగారూ, దాన్ని శాఖకు పంపు, జవాబు రాదు. తర్వాత బుధవారం నాడు వీధిగదిలో గట్టిగా చదువు. వదిన అడ్డుపడుతుంది, “ఇప్పుడెందుకే అవన్నీ,” అంటుంది. ఆగకు. బతికుండగా నేనే చదవాలని నాలుగు బుధవారాలు మెట్లు దిగాను. నాలుగుసార్లూ వాళ్ళు జరిగి నాకు చోటిచ్చారు. ఆ చోట్లో కూర్చుని, చదవకుండానే పైకి వచ్చేశాను.

8. నా అంత్యక్రియలు మీకు ఎలా వీలైతే అలా చేయండి. నాకు పట్టింపు లేదు. వదిన నాకోసం ప్రార్థిస్తానంటే ఎవరూ ఆపకండి. నేను నమ్మనని ఆవిడకి తెలుసు, పట్టించుకోదు. పాడనివ్వండి, శ్రుతి గురించి ఎవరూ మాట్లాడొద్దు.

ఎప్పుడైనా ఎవరైనా ఫారం పట్టుకుని వచ్చి, మీ మరదలు మిమ్మల్ని రోజుకు ఎన్నిసార్లు తలుచుకునేదని వదినని అడిగితే, ఆ గడిలో లెక్కలేదు అని రాయండి.

సున్నా వేయకండి.

పదకొండో నెల, ఆరో తేదీ, బుధవారం, ఉదయం.

(సంతకం) ఈ ఇంటి యజమానురాలు, పట్టిక 14 తయారుచేసిన మనిషి

సాక్షులు:
1. వీధి చివర మందుల షాపు యజమాని. చదవకుండా సంతకం పెట్టబోతే ఆపి చదివించాను. కళ్ళు తుడుచుకుని, దుమ్మన్నాడు.
2. మా శాఖ రిటైర్డ్ టైపిస్టు. అప్పట్లో ఆ సున్నాలు టైపు చేసింది ఈవిడే. సవరణ చీటీ కూడా ఈవిడే టైపు చేసింది.

మూడో సాక్షిగా తానూ పెడతానని వదిన వచ్చింది. లబ్ధిదారు సాక్షి కాకూడదని చెప్పాను. ఆ లబ్ధి ఏమిటో ఇంకా చెప్పలేదు.