అత్తమ్మ మూట

1986 జనవరి 9

తెల్లవారుజామున సుశీల నీళ్లడిగింది. రెండు చెంచాలు తాగింది. గంజి పొంగిపోతోందని వాళ్లమ్మను కేకేసింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఎండెక్కాక మంచం వరండాలోకి జరిపాం. నా వేలు పట్టుకుని నిద్రపోయింది. మధ్యాహ్నం పట్టు వదిలింది. అత్తమ్మ ఏడవలేదు. జుట్టు దువ్వుతూ కూర్చుంది. పొద్దు వాలేలోగా ఖారూన్ నది ఒడ్డున అంతా అయిపోయింది.

జనవరి 23

చుట్టాలు వెళ్లిపోయారు. మిగిలింది నేనూ, అత్తమ్మా. ఆమె కూతురి జబ్బు చూడ్డానికని బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఏడాది దాటింది. తల్లీకూతుళ్లిద్దరిదీ ఒకటే గొంతు. వంటింట్లోంచి పిలిస్తే ఇంకా...

జనవరి 30

ఊరి నుంచి ఉత్తరం. ఊళ్లో ఉండటం లేదని అత్తమ్మ వృద్ధాప్య పింఛను ఆపేశారు. తిరిగొస్తే మళ్లీ రాస్తారట. అక్కడ ఆమెకెవరున్నారు? కొడుకుల్లేరు. ఇంటి గోడ కూడా వానలకి కూలింది.

ఆ డబ్బుతోనే ఇక్కడ తన బియ్యం తను కొనుక్కునేది. సుశీల ఎన్నిసార్లు పోట్లాడిందో.

ఫిబ్రవరి 3

"పిల్ల లేని ఇంట్లో అల్లుడి కూడు తేరగా ఎలా తినీది బాబూ? ఎల్లిపోతాను."

పింఛను ఇక్కడే రాయిద్దాం, ఆగమన్నాను.

ఫిబ్రవరి 11

వార్డు ఆఫీసు. కొడుకుల్లేని ముసలివాళ్లకి ఇక్కడా ఇస్తారు. కానీ ఈ ఊళ్లో కాపురం ఉన్నవాళ్లకే. ఇంటికొచ్చి చూస్తారట.

ఫిబ్రవరి 19

వార్డు ఆఫీసు మనిషి చూడ్డానికి వచ్చాడు. మర్యాదస్తుడే. పక్కింటి ఫూల్‌బాయి గడపలో నిలబడి నా తరఫున వాదించింది: "దాయీ ఇహెఁ రహిథే, సాహెబ్." అమ్మ ఇక్కడే ఉంటుందని. తన మొగుడికన్నా ఈ దాయీయే నయం, ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉంటుందని కూడా అంది. అతను నవ్వాడు. తర్వాత తలుపు వెనక చూశాడు.

మూట. అత్తమ్మ చీరలు, దువ్వెన, గ్లాసు, అన్నీ అందులోనే. రోజూ విప్పుతుంది. రోజూ కట్టేస్తుంది.

"యే తో మెహమాన్ హై, బాబూజీ."

ఈమె చుట్టపుచూపు మనిషేనన్నాడు. ఇంకా ఏమీ రాయలేదు. ఇరవై అయిదున మళ్లీ వస్తానన్నాడు.

ఫిబ్రవరి 20

మూట ఎందుకు విప్పేయరని అడిగాను.

"ఎక్కడ పెట్టీది బాబూ? బీరువా నిండా దాని చీరలే. నువ్వే ముట్టుకోనేదు."

ఫిబ్రవరి 21

బీరువా తెరిచాను. మూశాను.

ఫిబ్రవరి 24

విశాఖ వైపు రైలు ఎప్పుడుందని అత్తమ్మ ఫూల్‌బాయిని అడిగిందట. నన్ను అడగలేదు.

ఆఫీసు మనిషి వచ్చేది రేపు మధ్యాహ్నం. రాస్తాడో లేదో. రాసినా ఈమె ఉంటుందో లేదో...

మూట నేను విప్పను. అది ఆమె విప్పుకోవాలి.

రేపు పొద్దున అత్తమ్మ కుళాయికి వెళ్లినప్పుడు బీరువా కింది అర ఖాళీ చేస్తాను. సుశీల చీరలు నా ట్రంకులోకి. అన్నిటికీ పైన నీలం చీర, ఉతకనిది. ముందు దాన్ని తీయాలి.