పదిహేను నిమిషాలు లేవన్నారు

మార్చి 3, మంగళవారం

ఐలవ్వకు నడుము డిస్క్ ఆపరేషన్. రేగోడ్ నుంచి వచ్చింది. కూలి మనిషి. మత్తు ఇచ్చింది నేను. కోత పెట్టకముందు పదిహేను నిమిషాలు అడిగాను. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వెన్నుకు రెండు పక్కలా, కండరం కింద మందు వేస్తే ఆ నరాలు చాలా గంటలు మొద్దుబారతాయి. ఎరెక్టర్ స్పైనే బ్లాక్. సర్జన్ వెంకట్రాములు గారు టైమ్ లేదన్నారు, ఇంకా రెండు కేసులున్నాయట. ఊరుకున్నాను.

సాయంత్రం 6

ఆమె అరవడం లేదు. దుప్పటి అంచు కొరుకుతోంది. పదికి ఎంత నొప్పి అని అడిగాను.

"పదంటే ఎంతనో నాకేమెర్క బిడ్డా. నాట్లేసి నొచ్చిన నడుమే ఇది. గిట్ల ఎన్నడు లేకుండె. కత్తి లోపల్నే మరిచినట్టున్నరు."

షీట్‌లో తొమ్మిది రాశాను. నొప్పికి ట్రమడాల్ ఇంజెక్షన్ ఇస్తే వాంతులు. వాంతి అయిన ప్రతిసారీ కుట్లు గుంజుతున్నాయి.

మార్చి 4

నా తొమ్మిది కొట్టేసి మూడు రాసి ఉంది. సర్జన్ గారి చేతిరాత. అడిగితే, పల్లెటూరి వాళ్లకు నొప్పులు అలవాటేనన్నారు. మళ్లీ తొమ్మిది రాసి, టైమ్ వేసి, సంతకం పెట్టాను. పెన్ను కాగితాన్ని చింపింది.

మార్చి 8, ఆదివారం

చర్చికి వెళ్లాను. ప్రసంగం ఒక్క ముక్క వినలేదు.

మార్చి 10

ఈ రోజు సర్జన్ గారి సొంత బావకు అదే ఆపరేషన్. పొద్దున్నే నా గదికి వచ్చారు.

"మేడమ్, మా బావ నొప్పికి ఓర్వడు. జర ఆ బ్లాక్ ఇయ్యండ్రి."

పదిహేను నిమిషాలు దొరికాయి. చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు కూడా. బ్లాక్ ఇచ్చాను. బావగారి తప్పేముంది? సాయంత్రం ఆయన బాత్రూమ్‌కి నడిచి వెళ్లాడు. నొప్పి రెండు. ఐలవ్వ నిలబడటానికి మూడు రోజులు పట్టింది.

అందరి ముందూ చెప్పేశాను, ఇకపై బ్లాక్‌కు టైమ్ ఇవ్వని నడుము కేసుకు నేను రానని. ఇంకో మత్తు డాక్టర్‌ను చూసుకుంటామన్నారు సర్జన్ గారు. చూసుకోమన్నాను.

మార్చి 13

సర్జన్ గారే ఫోన్ చేశారు. రేపు తొమ్మిదికి కేసు, బ్లాక్ ఇచ్చుకోమన్నారు. సంతోషం కలగలేదు. కోపమూ తగ్గలేదు.

మార్చి 17

కుట్లు విప్పించుకోవడానికి ఐలవ్వ వచ్చింది. జరిగిందంతా చెప్పాను.

"మరి గప్పుడు నువ్వెందుకు ఊకున్నవు బిడ్డా?"

అడిగి, కుర్చీలోంచి లేవడానికి నా చెయ్యే పట్టుకుంది.