నవమి ప్రయాణం

జనవరి 11

పిస్కాటవే నుంచి మా చిన్నచెల్లెలు సుధ ఫోన్ చేసింది. ఈ చలికి గడ్డకట్టి చస్తున్నాం పెద్దక్కా, ఫోర్ట్ లాడర్‌డేల్ పోదాం రా, అక్కడ ఎండ కాస్తోంది, రెండు రాత్రులు, బీచ్ ఎదురుగానే హోటల్ అంది. నడిపిది పద్మజకి లీవ్ దొరకదట. అయితే మేమిద్దరమే. ఇక్కడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో డ్రైవ్‌వే మీద మంచు మోకాళ్ల దాకా ఉంది. సరేనన్నాను.

ఫోన్ పెట్టేశాక కిటికీ దగ్గర నిలబడి నాలో నేనే నవ్వుకున్నానట. మా వారు చెబితే తెలిసింది.

జనవరి 13

ఉమక్క కూడా వస్తోందట.

జనవరి 14

ఆమె పేరు ఉమామహేశ్వరి. సుధ వాళ్ల వీధిలోనే ఉంటుంది. నిరుడు భర్త పోయాడు. ఇద్దరూ కలిసి వెళ్లాలనుకున్న క్రూయిజ్‌కి ఇప్పుడు ఒక్కతే వెళ్తోంది. షిప్ ఆ ఊరి పోర్ట్ నుంచే, ఆదివారం. ఒక్కదాన్నీ అంటే భయమేస్తోందంటోంది పెద్దక్కా, మనం శుక్రవారమే వెళ్లి, తోడుండి, ఎక్కించి వద్దాం అంది సుధ.

అంటే ట్రిప్ నా కోసం కాదు. నేను తోడుకి తోడు.

పాపం అనుకోవాలి. అనుకున్నాను.

జనవరి 17

హోటల్ ఉమక్క సెలెక్ట్ చేసింది. దోసెల హోటల్ ఎక్కడుందో ఉమక్క కనుక్కుంది. నాకు ఎండ టోపీ కూడా ఉమక్కే కొనేసింది.

గది ఒకటే, మంచాలు రెండు. నువ్వు నాలుగింటికే లేచి పూజ అంటావు కదా, ఒక మంచం హాయిగా నీకే, నేనూ ఉమక్కా ఇంకోదాంట్లో సర్దుకుంటాం, మేమెలాగూ కబుర్లలో పడితే నిద్రపోం అంది సుధ.

అమ్మ పోయేనాటికి సుధ పసిది. పెళ్లయ్యేదాకా నా కొంగు చేతికి చుట్టుకునే పడుకుంది.

ఎండే లేని ఊళ్లో నీ మొహం అలా మాడిందేమిటోయ్ అన్నారు మా వారు.

జనవరి 18, తెల్లవారుజామున

జపం మధ్యలో తప్పింది. మొదటికొచ్చాను. మళ్లీ తప్పింది.

అసూయ. రాసి చూశాను. చిన్న మాటే.

జనవరి 19

మా ఇంట్లో ఎవరెక్కడికి బయల్దేరినా ముందు నన్ను రోజు అడుగుతారు. టికెట్లు బుక్ చేసే ముందు సుధ అడిగింది. ముప్పై ఒకటి, శుక్రవారం, సాయంత్రం ఫ్లైట్, చూసి చెప్పు పెద్దక్కా అంది.

చూశాను. మధ్యాహ్నం దాటితే విదియ. మంచిది.

బాగోలేదన్నాను. అమావాస్య వెళ్లీ వెళ్లకముందే ప్రయాణమేమిటన్నాను. ఆ పై శుక్రవారం దివ్యంగా ఉందన్నాను.

ఆ పై శుక్రవారం నవమి. నవమి నాడు గడప దాటకూడదని చెల్లెళ్లకు చిన్నప్పుడు నేర్పింది నేనే. కానీ అప్పటికి షిప్ సముద్రంలో ఉంటుంది.

సుధ సరే, నీ మాటే అంది.

జనవరి 20

దీపం పెట్టాను. అమ్మవారి మొహంలోకి చూడలేదు.

ఫిబ్రవరి 2

ఉమామహేశ్వరి ఒక్కతే వెళ్లింది. ఆమె బుకింగ్ మార్చడానికి వీల్లేదు. మేమెందుకు రావడం లేదో సుధ ఆమెకు చెప్పేసింది. షిప్ ఎక్కబోతూ ఫోన్ చేసి, చెడ్డరోజున బయల్దేరాను సుధా, ఏమవుతుందో ఏమో అని ఏడ్చిందట.

పొయ్యి మీద తాలింపు మాడుతోందని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఫిబ్రవరి 7, హోటల్

కిటికీ నిండా సముద్రం. సుధ వస్తూనే నా మంచం మీద వాలిపోయింది. రెండో మంచం ఖాళీ. కోరుకున్నదంతా దొరికింది.

షిప్‌లు కనబడతాయనే ఉమక్క ఈ గది ఎంచిందట. షిప్ హారన్ వినబడినప్పుడల్లా సుధ లేచి కూర్చుంటోంది.

ఫిబ్రవరి 8

ఇసుకలో నడుస్తున్నాం. నిన్న నవమి కదా పెద్దక్కా అంది సుధ, గవ్వ ఏరుకుంటూ.

నీకెలా తెలుసన్నాను.

దాని ఫోన్‌లో పంచాంగం యాప్ ఉందట. నేను చెప్పిన రోజే చూసిందట. తెలిసీ ఎందుకొచ్చావే అన్నాను. నువ్వు రమ్మన్నావుగా అంది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఉమక్కకీ యాప్ చూపించాను పెద్దక్కా, మంచిరోజేనని ఒట్టేశాను, నమ్మలేదు, మీ పెద్దక్క కాదందంటే కాదనే అంది. రేపు పొద్దున షిప్ తిరిగొస్తుంది. నువ్వే చెప్పాలి అంది సుధ.

సంచిలోంచి టోపీ తీసి నా నెత్తిన పెట్టింది. ఉమక్క కొన్నదే. సరిగ్గా సరిపోయింది.

ఫిబ్రవరి 9

పోర్ట్ బయట నిలబడ్డాం. ఉమామహేశ్వరి సూట్‌కేస్ లాక్కుంటూ వచ్చింది. పొట్టి మనిషి. ముక్కు ఎండకి కమిలింది. వారమంతా లైఫ్ జాకెట్ తల కింద పెట్టుకునే పడుకుందట. మీరు చెప్పారుగా, అందుకే అంది, తప్పు తనదన్నట్టు.

మీరు బయల్దేరింది మంచిరోజే, నేనే అబద్ధమాడానన్నాను.

ఎందుకని అడగలేదు. సుధని చూసింది. నన్ను చూసింది. సుధ చెయ్యి నా భుజం మీద ఉంది.

బావుందండీ, వారం రోజులు మెడ పట్టేసింది, ఆ సంగతేదో ముందే చెబితే మెత్తటి దిండు మీద పడుకునేదాన్నిగా అంది. సుధ నవ్వింది. నాతో ఫోన్లో ఉండి, పక్కనున్న ఆమెతో నవ్వే నవ్వే.

ఫిబ్రవరి 16

ఉమామహేశ్వరి ఫోన్. ఏప్రిల్‌లో ప్రయాణానికి రోజు చూసిపెట్టమంది. పెద్దక్కా అని పిలిచింది.

నచ్చలేదు.

పలికాను.